ప్రాచీన చైనా మహాకవులను పోల్చడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాచీన చైనా కవిత్వంలో మహాకవులుగా ఎవరిని లెక్కిస్తారు?

జాబితా ఎవరు తయారుచేసినా అందులో కొన్ని పేర్లు తప్పనిసరిగా ఉంటాయి. థాంగ్ రాజవంశ కాలం (618–907) నుంచి లీ బాయ్ (701–762), దూ ఫూ (712–770), వాంగ్ వేయ్, బాయ్ జుయి (772–846). వారికి మూడు శతాబ్దాల ముందరివాడైన తావ్ యువాన్‌మింగ్ (365–427). సోంగ్ కాలం (960–1279) నుంచి సూ షీ (1037–1101), 1084లో జన్మించిన కవయిత్రి లీ చింగ్‌జావ్. వీరందరికీ వెనుక క్రీస్తుపూర్వం 4, 3 శతాబ్దాల నాటి ఛూ యువాన్ ఉన్నాడు. అతడికి ముందు వెలసిన 305 గీతాల ప్రాచీన సంకలనంలో కర్తల పేర్లు దాదాపుగా తెలియవు కనుక, సొంత పేరుతో, సొంత గొంతుతో మనకు ఎదురయ్యే తొలి చైనా మహాకవి అతడే. రాజు ఆదరణ కోల్పోయి మీలువో నదిలో ప్రాణం విడిచాడని చెప్పే ఆ కవి జ్ఞాపకంతోనే చైనీయులు నేటికీ డ్రాగన్ పడవల పండుగ జరుపుకుంటారు.

ఈ సమాధానాలు ప్రధానంగా ఛూ యువాన్ తరువాతి ఆ ఏడుగురి గురించే. తొమ్మిదో శతాబ్దంలో శీర్షిక లేని ప్రేమపద్యాలు రాసి గూఢత్వంలో సాటిలేనివాడనిపించుకున్న లీ షాంగ్‌యిన్‌ను, 600కు పైగా గేయపద్యాలు మిగిల్చిన శిన్ చీజీని పక్కన పెట్టడం స్థలాభావం వల్లనే గాని వారు చిన్న కవులని కాదు.

కవులను ఇలా పోల్చడం సబబేనా?

చైనా సాహిత్య సంప్రదాయమే ఈ పని చేసింది, అదీ ఏ మొహమాటమూ లేకుండా. ఆరో శతాబ్దం ఆరంభంలో జోంగ్ రోంగ్ అనే విమర్శకుడు తనకు ముందరి 120 మందికి పైగా కవులను ఉత్తమ, మధ్యమ, అధమ శ్రేణులుగా విభజించి, ఎవరి శైలి ఏ పూర్వకవి నుంచి దిగివచ్చిందో కూడా నిర్ణయించాడు. అందులో తావ్ యువాన్‌మింగ్‌కు దక్కింది మధ్యమ శ్రేణి మాత్రమే. దాదాపు ఆరు వందల ఏళ్ల తరువాత సూ షీ అదే కవిని లీ బాయ్, దూ ఫూల కంటే కూడా పైన నిలబెట్టాడు. కాబట్టి పాత విమర్శకులు ఇచ్చిన స్థానాలను తుది తీర్పులుగా కాక, ఆయా కాలాల అభిరుచికి సాక్ష్యాలుగా చదువుకోవడం మేలు.

ఈ సమాధానాలలో వాడిన కొలమానం ఇది: ఒక కవి రాకముందు చైనా పద్యానికి చేతకాని పని ఏది, అతడి తరువాత మిగిలిన కవులందరికీ చేతనైన పని ఏది? జనాదరణ, పద్యాల సంఖ్య, కవి శీలం, రాజభక్తి వంటి కొలతలు కూడా వాడుకలో ఉన్నాయి, అయితే అవి పద్యం గురించి చెప్పేది తక్కువ.

పోల్చడానికి ఛందోరూపాల గురించి ఎంత తెలిసి ఉండాలి?

కనీసం నాలుగు రూపాల తేడా తెలియాలి, ఎందుకంటే ఏ కవీ అన్ని రూపాలలోనూ సమానమైన బలం ఉన్నవాడు కాడు. ప్రాచీన చైనా భాషలో ఒక అక్షరమంటే ఒక ఉచ్చారణ, చాలావరకు ఒక పూర్తి మాట. పాదానికి సాధారణంగా ఐదు లేదా ఏడు అక్షరాలు ఉంటాయి. పాతశైలి పద్యానికి పాదాల సంఖ్యపై పరిమితి లేదు, స్వరాల నియమమూ లేదు. నియమబద్ధ పద్యానికి ఎనిమిది పాదాలు. స్వరాలను సమం, విషమం అని రెండు వర్గాలుగా చేసి వాటిని ఒక క్రమంలో అమర్చాలి. నడిమి రెండు పాదాల జంటలలో నామానికి ఎదురుగా నామం, క్రియకు ఎదురుగా క్రియ నిలిచే సమాంతరత ఉండాలి. సరిపాదాలన్నిటా ఒకే అంత్యప్రాస నడవాలి. మూడోది నాలుగు పాదాల చిన్న పద్యం. నాలుగోది త్సి అనే గేయపద్యం, అంటే ముందే ఉన్న బాణీకి సరిపడేలా హెచ్చుతగ్గుల పాదాలతో కట్టేది. లఘుగురువుల లెక్కకు అలవాటుపడిన తెలుగు పాఠకుడికి ఈ పద్ధతి మరీ కొత్తగా ఉండదు, కాకపోతే ఇక్కడ లెక్కించేది నిడివిని కాదు, గొంతు ఎత్తుపల్లాలను.

లీ బాయ్ బలం పాతశైలి పద్యంలోను, నాలుగు పాదాల పద్యంలోను ఉంది; ఏడక్షరాల నియమబద్ధ పద్యాలు అతడు రాసినవి బహు కొద్ది. దూ ఫూ నియమబద్ధ పద్యానికి అధిపతి, కాని అతడి నాలుగు పాదాల పద్యాలను సంప్రదాయ విమర్శకులు లీ బాయ్ పద్యాలకు సాటిగా ఎంచలేదు. వాంగ్ వేయ్ ఐదక్షరాల చిన్న పద్యంలో, లీ చింగ్‌జావ్ గేయపద్యంలో శిఖరాలు. ఈ తేడా గమనించకుండా ఒకరి మేలిరకం పద్యాన్ని ఇంకొకరి మామూలు పద్యం పక్కన పెట్టి చేసే పోలికలు తరచూ కనిపిస్తాయి, వాటివల్ల తేలేది ఏమీ ఉండదు.

లీ బాయ్, దూ ఫూలలో ఎవరు గొప్ప?

ఈ ప్రశ్నకు పన్నెండు వందల ఏళ్ల వయసుంది. 813లో దూ ఫూ సమాధి శాసనం రాస్తూ యువాన్ జెన్ అనే కవి, స్వరనియమాలతో సుదీర్ఘ పద్యాలు నడిపించే నేర్పులో లీ బాయ్ అతడి గడప కూడా తొక్కలేదని తేల్చేశాడు. ఆ తరంలోనే హాన్ యూ, ఆ ఇద్దరి రచనలూ పదివేల బారల జ్వాలల్లా వెలుగుతున్నాయనీ, వారిని తక్కువచేసే మూఢులు మహావృక్షాన్ని ఊపాలని చూసే చీమలనీ ఒక పద్యంలో మండిపడ్డాడు. పదకొండో శతాబ్దంలో మంత్రి, కవి అయిన వాంగ్ ఆన్‌షీ నలుగురు కవుల సంకలనం కూర్చి, దూ ఫూను మొదట, లీ బాయ్‌ను చిట్టచివర పెట్టాడు. పదమూడో శతాబ్దపు విమర్శకుడు యాన్ యూ చెప్పిన మాట మాత్రం ఈనాటికీ నిలబడుతుంది: లీ బాయ్‌కున్న తేలిక దూ ఫూకు రాదు, దూ ఫూకున్న బరువు లీ బాయ్‌కు రాదు, కనుక ఇద్దరి మధ్య హెచ్చుతగ్గులు ఎంచకూడదు. ఇరవయ్యో శతాబ్దంలో కూడా రాజకీయ వాతావరణాన్ని బట్టి ఒకరు పైకి, ఒకరు కిందికి వెళ్లడం ఆగలేదు.

మాటల వాదన కంటే రెండు పద్యాలను పక్కపక్కన పెట్టడం ఎక్కువ ఉపయోగకరం. యాంగ్‌జీ నది లోయల దగ్గర బైదీ అనే కోట ఉంది. 759లో రాజద్రోహ నేరం మీద దూరప్రాంతానికి వెళుతున్న లీ బాయ్‌కు అక్కడ క్షమాభిక్ష వార్త అందింది. అతడు వెనుదిరిగి పడవెక్కి రాసిన పద్యం మొత్తం 28 అక్షరాలు: ఉదయం రంగుల మేఘాల నడుమ బైదీకి సెలవు చెప్పాను, వేయి లీల (లీ అంటే సుమారు అర కిలోమీటరు) దూరంలోని జియాంగ్‌లింగ్‌కు ఒక్క రోజులో తిరిగివచ్చాను, రెండు గట్ల మీదా కోతుల అరుపులు ఆగనే లేదు, అంతలోనే తేలికపాటి పడవ పదివేల కొండలను దాటిపోయింది. ఇందులో కవి తన సంతోషం గురించి ఒక్క మాట చెప్పలేదు. పడవ వేగమే ఆ సంతోషం.

ఎనిమిదేళ్ల తరువాత, 767 శరత్తులో, అదే కోట పక్కనున్న క్వెయ్‌జౌ పట్టణంలో దూ ఫూ ఒక ఎత్తైన ప్రదేశం ఎక్కాడు. అవే లోయలు, అవే కోతులు; అయితే మొదటి పాదంలోనే గాలి తీవ్రంగా ఉంది, ఆకాశం ఎత్తుగా ఉంది, కోతుల కూత శోకిస్తోంది. హద్దులేని చెట్ల ఆకులు గలగల రాలుతుంటాయి, అంతులేని నది పొర్లి పొర్లి వస్తుంటుంది. ఆ తరువాతి జంటలో పదివేల లీల దూరాన, శరత్కాల దుఃఖంలో, ఎప్పటికీ పరాయివాడుగా, నూరేళ్ల బతుకులో, రోగాలతో, ఒంటరిగా ఎత్తెక్కిన మనిషి కనిపిస్తాడు. 14 అక్షరాలలో ఎనిమిది రకాల దుఃఖాలు ఉన్నాయని పాత వ్యాఖ్యాతలు లెక్కగట్టారు. నియమం ప్రకారం నడిమి రెండు జంటలలో సమాంతరత ఉంటే చాలు. దూ ఫూ ఈ పద్యంలో నాలుగు జంటలనూ సమాంతరంగా నడిపించాడు, అయినా ఎక్కడా బిగుసుకున్నట్టు అనిపించదు. మింగ్ కాలపు విమర్శకుడు హూ యింగ్‌లిన్ ఏడక్షరాల నియమబద్ధ పద్యాలన్నిటిలోకీ ఇదే మొదటిదన్నాడు. (యాన్ యూ మాత్రం థాంగ్ కాలపు నియమబద్ధ పద్యాలలో అగ్రస్థానాన్ని ఈ ఇద్దరికీ కాకుండా, పసుపు కొంగల మేడ మీద పద్యం రాసిన త్సుయ్ హావ్‌కు ఇచ్చాడు.)

పైన చెప్పిన కొలమానం ప్రకారం నా మొగ్గు దూ ఫూ వైపే. లీ బాయ్ తనకు ముందున్న జానపద గీతాల బాణీలను, పాతశైలి పద్యాన్ని ఇక ముందుకు పోలేనంత దూరం తీసుకెళ్లాడు. అతడిని అనుకరించినవారు చాలామంది ఉన్నా, అతడి దారిలో నడిచి పెద్దవారైనవారు అరుదు. దూ ఫూ తరువాత వచ్చిన ప్రతి ముఖ్య కవీ, హాన్ యూ నుంచి బాయ్ జుయి వరకు, లీ షాంగ్‌యిన్ నుంచి సోంగ్ కవుల వరకు, అతడి ఏదో ఒక ముఖాన్ని అందుకుని తన మార్గాన్ని తయారుచేసుకున్నాడు. అలాగని చదువుతున్న క్షణంలో కలిగే ఆనందాన్ని కొలిస్తే తీర్పు తారుమారు కావచ్చు.

వారిద్దరికీ పరిచయం ఉందా?

ఉంది. 744లో లువోయాంగ్‌లో కలిశారు, మరుసటి ఏడాది మరోసారి కలిసి విడిపోయారు, ఆపై మళ్లీ కలవలేదు. పదకొండేళ్లు చిన్నవాడైన దూ ఫూ, లీ బాయ్ గురించి పదికి పైగా పద్యాలు రాశాడు; 759లో అతడిని కలలో చూసి రాసిన రెండు పద్యాలు స్నేహ కవిత్వంలో ఎన్నదగినవి. లీ బాయ్ వైపు నుంచి వచ్చినవి రెండు మూడుకు మించవు. అప్పటికి లీ బాయ్ దేశమంతా పేరున్నవాడు, దూ ఫూ ఇంకా పరీక్షలు తప్పుతున్న యువకుడు.

లీ బాయ్ మద్యం, వెన్నెల గురించి మాత్రమే రాసిన కవా?

ఆ పేరు అతడు కొంతవరకు కోరి తెచ్చుకున్నదే. చంద్రుడిని, తన నీడను పిలిచి ముగ్గురమయ్యామని చెప్పే పద్యం, ఇరవై అక్షరాలలో మంచం ముందరి వెన్నెలను నేలమీది మంచు అనుకున్న పద్యం చైనా పిల్లలందరికీ వస్తాయి. రాజధాని చాంగాన్‌లో వృద్ధకవి హె జిజాంగ్ అతడిని చూసి, స్వర్గం నుంచి వెళ్లగొట్టబడిన దేవత అన్నాడట. లీ బాయ్ ఆ బిరుదును జీవితాంతం వదలలేదు. 742లో చక్రవర్తి ష్వాన్‌జోంగ్ కొలువులో చేరి, రెండేళ్లకే బయటికి వచ్చేశాడు.

అయితే ఆ ముద్ర వెనుక యుద్ధాల వ్యర్థతను నిలదీసిన పద్యాలు, సరిహద్దు సైనికుల భార్యల గొంతుతో పలికిన పద్యాలు, లోకరీతిని విమర్శించే 59 పద్యాల పాతశైలి మాల ఉన్నాయి. సాంకేతికంగా అతడి అసలు ఘనత పాదాల నిడివిని భావావేశానికి అప్పగించడం. షూ దేశపు దారి కష్టాలను వర్ణించే పద్యంలో మూడక్షరాల పాదం తరువాత తొమ్మిది అక్షరాల పాదం వస్తుంది. ఆకాశం ఎక్కడం కంటే ఆ దారి ఎక్కడం కష్టమనే పల్లవి మూడుసార్లు తిరిగి వస్తుంది. చదివేవాడికి ఊపిరి అందదు. ఈ స్వేచ్ఛ క్రమశిక్షణ లేకపోవడం వల్ల వచ్చింది కాదు, ఎందుకంటే అదే కవి నాలుగు పాదాల పద్యంలో ఒక్క అక్షరం కూడా అదనంగా వాడడు.

దూ ఫూకు బతికి ఉండగా గుర్తింపు ఎందుకు రాలేదు?

753 ప్రాంతంలో సమకాలీన కవుల మేలైన పద్యాలను ఏరి కూర్చిన ఒక ప్రసిద్ధ సంకలనంలో లీ బాయ్, వాంగ్ వేయ్ ఉన్నారు, దూ ఫూ లేడు. దీనికి ఒక కారణం అతడి గొప్ప పద్యాలలో ఎక్కువ భాగం ఆ తరువాత రావడం. 755లో సేనాపతి ఆన్ లూషాన్ తిరుగుబాటు చేశాడు, ఆ కల్లోలం ఎనిమిదేళ్లు సాగింది. ఆ ఏడాది చివరలో ఇల్లు చేరిన కవికి తన పసికొడుకు ఆకలితో చనిపోయాడని తెలిసింది. ఎర్ర తలుపుల వెనుక మద్యమాంసాలు కుళ్లుతుంటే దారిలో చలికి చచ్చినవారి ఎముకలున్నాయనే పాదాలు ఆ ప్రయాణంలోనివే. 757లో తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న చాంగాన్‌లో రాసిన నియమబద్ధ పద్యం, దేశం చెదిరింది, కొండలూ నదులూ మిగిలాయి అని మొదలై, గోక్కుంటే పలచబడుతూ జుట్టుపిన్ను కూడా నిలవని తెల్లజుట్టు దగ్గర ముగుస్తుంది. దేశమంత వస్తువును తలవెంట్రుక వరకు దించగలగడం అంతకు ముందు ఆ రూపంలో ఎవరూ చేయలేదు.

రెండో కారణం అభిరుచికి సంబంధించినది. కోళ్లగూడు కట్టించడం, తోటకూరలు నాటడం, జబ్బులు, పిల్లల అల్లరి వంటివి పద్యవస్తువులని నాటి పాఠకులు అనుకోలేదు. 759లో రాసిన మూడు అధికారుల పద్యాలు, మూడు వీడ్కోళ్ల పద్యాలు మాత్రం చారిత్రక సాక్ష్యాలుగా తరువాత ప్రఖ్యాతమయ్యాయి, కవిత్వ చరిత్రకారుడనే పేరు అతడికి తెచ్చాయి. షీహావ్ గ్రామంలో రాత్రివేళ బలవంతపు సైన్య సేకరణకు వచ్చిన అధికారితో, ముసలి భర్త గోడదూకి పారిపోగా, తానే వంటకు వస్తానని బయలుదేరిన ముసలమ్మ కథను అతడు చెప్పిన తీరు గమనించాలి. కవి పక్కగదిలో పడుకుని వింటాడు, వ్యాఖ్య చేయడు, తెల్లవారి ముసలాయనకు ఒక్కడికే వీడ్కోలు చెప్పి వెళ్లిపోతాడు.

760 ప్రాంతంలో చెంగ్‌దులో గడ్డికప్పు ఇల్లు, ఆ తరువాత క్వెయ్‌జౌలో రెండేళ్లకు 400కు పైగా పద్యాలు, చివరకు 770లో హునాన్ నదుల మీద పడవలో మరణం. 1039లో వాంగ్ జూ పరిష్కరించిన ప్రతిలో 1,405 పద్యాలు చేరాకనే ఆ కవి నిజమైన పరిమాణం చైనాకు కనిపించింది.

వాంగ్ వేయ్‌ని ఆ ఇద్దరితో పోల్చవచ్చా?

అతడిని వేరే కొలతతో చూడాలి. తన కాలంలో ఆ ఇద్దరి కంటే ఎక్కువ గౌరవం పొందిన ఆస్థానకవి, చిత్రకారుడు, సంగీతజ్ఞుడు అతడు. మిగిలిన పద్యాలు సుమారు 400. మిత్రుడు పెయ్ దీతో కలిసి తన వాంగ్ నదీతీరపు తోటలోని ఇరవై స్థలాల మీద చెరి ఇరవై పద్యాలు రాశాడు. వాటిలో ఒకటి: ఖాళీ కొండ, మనిషి కనిపించడు, మాటల చప్పుడు మాత్రం వినిపిస్తుంది, తిరుగువెలుగు దట్టమైన అడవిలో దూరి, మళ్లీ పచ్చటి నాచు మీద పడుతుంది. అంతే. చూసేవాడు పద్యం నుంచి దాదాపు తప్పుకున్నాడు. లీ బాయ్ పద్యంలో కవి లేని చోటు ఉండదు. దూ ఫూ పద్యంలో కవి కష్టం లేని చోటు తక్కువ. వాంగ్ వేయ్ పద్యంలో దృశ్యమే మిగులుతుంది, ఆలోచన పైకి తేలదు. అతడి పద్యంలో చిత్రం, చిత్రంలో పద్యం ఉన్నాయని సూ షీ అన్నది ఇతడి గురించే. విస్తృతిలో వెనుకబడ్డాడు, శుద్ధిలో ఎవరికీ వెనుకబడలేదు.

బాయ్ జుయి తేలిక భాషలో రాశాడు కాబట్టి తక్కువవాడా?

రాసిన పద్యం ముసలమ్మకు చదివి వినిపించి, ఆమెకు అర్థం కాని మాట మార్చేవాడనే కథ నిజం కాకపోవచ్చు, కాని ఆ కథ ఎందుకు పుట్టిందో అతడి పద్యాలు చదివితే తెలుస్తుంది. 809లో రాసిన 50 కొత్త జానపద బాణీల పద్యాలు పన్నుల భారాన్ని, అంతఃపుర దుబారాను, సరిహద్దు యుద్ధాలను సూటిగా విమర్శించాయి. చాలాచోట్ల చివర పాఠం చెప్పడం వల్ల అవి పలచబడ్డాయనేది నా అభిప్రాయం. పాఠం చెప్పకుండా వదిలిన బొగ్గులమ్మే ముసలివాడి పద్యం అందుకే అన్నిటికంటే నిలిచింది. ఒంటిమీద గుడ్డ పలచన, అయినా బొగ్గు ధర పడిపోతుందేమోనన్న భయంతో చలి ఇంకా పెరగాలని కోరుకుంటాడు ఆ ముసలివాడు. దూ ఫూ షీహావ్ గ్రామం పద్యానికి ఇది నిజమైన వారసత్వం.

విచిత్రమేమంటే, 815లో మిత్రుడు యువాన్ జెన్‌కు రాసిన ఉత్తరంలో అతడే, లోకం మెచ్చేవి తాను చిన్నచూపు చూసే పద్యాలేనని వాపోయాడు. చక్రవర్తి ష్వాన్‌జోంగ్, యాంగ్ గుయ్‌ఫెయ్‌ల ప్రేమను చెప్పే 120 పాదాల అనంతశోక గీతం తనకు వచ్చునని ఒక గాయని తన వెల పెంచుకుందని కూడా అందులో రాశాడు. ఆ ఉత్తరంలోనే దూ ఫూలో ప్రజాహిత పద్యాలు ముప్పై నలభైకి మించవని లెక్కగట్టి పెదవి విరిచాడు, అది అతడి కొలత ఎంత ఇరుకైనదో చెబుతుంది. అదే అనంతశోక గీతం జపాన్ చేరి, పదకొండో శతాబ్దపు గెంజి కథలో పదే పదే ప్రతిధ్వనించింది. జీవించి ఉండగానే విదేశాలలో చదవబడిన కవులలో అతడు ముందువాడు.

తావ్ యువాన్‌మింగ్ ఘనత ఆలస్యంగా ఎందుకు బయటపడింది?

అతడి కాలం అలంకారాల కాలం, అతడి భాష పొలంలో మాట్లాడే భాషకు దగ్గర. 405లో పెంగ్‌జె జిల్లా అధికారిగా చేరి, తనిఖీకి వచ్చే పైఅధికారికి ఐదు కుంచాల బియ్యం జీతం కోసం వంగి దండం పెట్టలేనని, ఎనభై రోజులు దాటిన కొద్దికాలానికే ఉద్యోగం వదిలేశాడని చెబుతారు. ఆ తరువాత వ్యవసాయం, పేదరికం, మద్యం, సుమారు 120 పద్యాలు. తూర్పు కంచె దగ్గర చామంతులు కోస్తూ తలెత్తితే దక్షిణపు కొండ కనిపించిందనే పాదాలలో ప్రకృతి వర్ణన కాదు, పని మధ్యలో మనిషి నిదానించడం ఉంది. అతడికి ముందు పొలంపని చేసే కవి తన పొలం గురించి తన మాటల్లో చెప్పిన ఉదాహరణ చైనా పద్యంలో లేదు. పన్నెండు మంది కవుల ఘనతను కలిపినా రానిది ఈ ఒక్క మార్పు తెచ్చింది అనడం అతిశయోక్తి కావచ్చు, కాని థాంగ్ కాలపు పల్లె కవిత్వమంతా, వాంగ్ వేయ్‌తో సహా, అతడికి బాకీ.

థాంగ్ కవులతో పోలిస్తే సూ షీ ఎక్కడ నిలుస్తాడు?

నన్నయ రాజమహేంద్రవరంలో భారతాంధ్రీకరణ చేపట్టిన పదకొండో శతాబ్దంలోనే సూ షీ సిచువాన్‌లోని మెయ్‌షాన్‌లో పుట్టాడు. 1079లో అతడి పద్యాలలో రాజవిమర్శ వెతికి, నెలల తరబడి చెరలో పెట్టి, మరణశిక్ష అంచువరకు తీసుకెళ్లి, చివరకు హువాంగ్‌జౌకు పంపించారు. అక్కడే తూర్పువాలులో పొలం దున్నుతూ డోంగ్‌పో అనే పేరు పెట్టుకున్నాడు, 1082లో ఎర్రకొండ వచనకావ్యాలు రాశాడు. 1097లో హైనాన్ దీవికి పంపినప్పుడు కూడా తావ్ యువాన్‌మింగ్ పద్యాలకు ప్రాసలు కలుపుతూ ప్రతిపద్యాలు రాసుకున్నాడు. అలా మొత్తం వందకు పైగా రాశాడు.

లూషాన్ పర్వతం మీద ఇద్దరి పద్యాలు చూస్తే కాలం మారిందని తెలుస్తుంది. అక్కడి జలపాతాన్ని చూసి లీ బాయ్, మూడువేల అడుగుల నుంచి దూకే నీళ్లు పాలపుంత ఆకాశం నుంచి జారిపడినట్టున్నాయన్నాడు. 1084లో అదే కొండమీద సూ షీ, అడ్డంగా చూస్తే వరుసకొండ, పక్కనుంచి చూస్తే శిఖరం, లూషాన్ అసలు ముఖం తెలియడం లేదు, ఎందుకంటే నేనీ కొండలోనే ఉన్నాను అన్నాడు. లీ బాయ్ చూపించాడు, సూ షీ చూడటం అంటే ఏమిటని ఆలోచించాడు. పాండిత్యంతో, తర్కంతో పద్యం రాయడం సోంగ్ కవుల దోషమని యాన్ యూ నిందించాడు. సూ షీ విషయంలో ఆ నింద సగమే చెల్లుతుంది, ఎందుకంటే ఆ ఆలోచనలో హాస్యం, ఓర్పు కలిసి ఉన్నాయి. సుమారు 2,700 పద్యాలు, మూడు వందలకు పైగా గేయపద్యాలు రాసిన ఆయన, విందుల ప్రేమపాటగా ఉన్న త్సిలోకి చరిత్రను, తాత్త్వికతను, చనిపోయిన భార్యను తెచ్చాడు. ఏ ఒక్క రూపంలోనైనా అతడిని దాటినవారు ఉండవచ్చు, ఇన్ని రూపాల్లో కలిపి దాటినవారు లేరు.

లీ చింగ్‌జావ్‌ను కవయిత్రులలో మాత్రమే ఎంచాలా?

అలా ఎంచడం అన్యాయం. సూ షీ గేయపద్యాలు బాణీకి కుదరని హెచ్చుతగ్గుల పాదాల పద్యాలేనని, త్సి తనదైన వేరు కళ అని ఆమె ఒక వ్యాసంలో ఆయననే నిలదీసింది. 1127లో ఉత్తర చైనా జూర్చెన్ సైన్యాల వశమైంది, 1129లో భర్త జావ్ మింగ్‌చెంగ్ మరణించాడు, ఇద్దరూ కూడబెట్టిన పుస్తకాలు, శాసనాల సేకరణ చెల్లాచెదురైంది. ఆ తరువాతి గేయపద్యాలలో ఒకటి ఏడు జంట పదాలతో, అంటే 14 అక్షరాలతో మొదలవుతుంది: వెతికి వెతికి, చల్లచల్లగా, దిగులుదిగులుగా అనే వరుసలో శబ్దమే వెలితిని పలుకుతుంది. ఆమె మిగిల్చింది సుమారు యాభై గేయపద్యాలే అయినా, ఆ రూపంలో ఎవరినైనా ఆమె పక్కన నిలబెట్టి చూడాలి.

ఎక్కువ పద్యాలు మిగిలినవాడు గొప్పవాడా?

సంఖ్యను బట్టి నిర్ణయిస్తే లూ యూ (1125–1210) తొమ్మిది వేలకు పైగా పద్యాలతో అందరినీ ఓడిస్తాడు. మిగిలిన సంఖ్యలో ప్రతిభతో పాటు జాగ్రత్తకూ భాగముంది. బాయ్ జుయి తన రచనలకు ఐదు ప్రతులు రాయించి, మూడింటిని బౌద్ధ ఆరామాలలో, రెండింటిని బంధువుల దగ్గర ఉంచాడు కనుక సుమారు 2,800 పద్యాలు దక్కాయి. లీ బాయ్ రచనలను కూర్చిన బంధువు లీ యాంగ్‌బింగ్, పదింట తొమ్మిది పోయాయని ముందుమాటలో రాశాడు. ఇప్పుడున్నవి సుమారు వెయ్యి.

ఈ కవిత్వానికి భారతదేశంతో సంబంధం ఉందా?

ఉంది, అదీ రెండు చోట్ల. మొదటిది ఛందస్సులో. ఐదో శతాబ్దం చివర శెన్ యుయె, అతడి మిత్రులు స్వరాల నియమాలు రూపొందించారు. సంస్కృత గ్రంథాల అనువాదం, వాటి పఠనం ఆ స్పృహకు తోడ్పడ్డాయని కొందరు పండితులు వాదించారు, దానిపై చర్చ ఇంకా ఉంది. రెండోది భావనలో. వాంగ్ వేయ్ పేరు, ఉపనామం కలిపి చదివితే విమలకీర్తి అనే బౌద్ధ గృహస్థుడి పేరుకు చైనా రూపం వస్తుంది; విమలకీర్తి సూత్రాన్ని 406లో అనువదించినవాడు కుమారజీవుడు. సంప్రదాయం ఆంధ్రదేశంతో ముడిపెట్టే నాగార్జునుడి, శూన్యతను చర్చించే మాధ్యమిక గ్రంథాలనూ ఆ కుమారజీవుడే చైనీయానికి అందించాడు. ఖాళీ కొండ అనే వాంగ్ వేయ్ మాట వెనుక ఆ శూన్యత చర్చ ఉంది, దానికి పూర్తిగా కుదించడం మాత్రం తగదు.

చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

1763 ప్రాంతంలో సున్ జూ కూర్చిన మూడు వందల థాంగ్ పద్యాల సంకలనం మంచి ఆరంభం, అందులో అన్నిటికంటే ఎక్కువ పద్యాలు దూ ఫూవే. ఒక్కో కవిని పూర్తిగా చదవడం కంటే జంటలుగా చదవడం పోలికకు బాగా పనికివస్తుంది: పైన చెప్పిన యాంగ్‌జీ లోయల పద్యాలు రెండూ, దూ ఫూ షీహావ్ గ్రామం పక్కన బాయ్ జుయి బొగ్గుల ముసలివాడు, తావ్ చామంతుల పద్యం పక్కన వాంగ్ వేయ్ ఖాళీ కొండ, 1075లో పదేళ్ల కిందట పోయిన భార్యను కలగన్న సూ షీ గేయపద్యం పక్కన లీ చింగ్‌జావ్ జంట పదాల గేయపద్యం. చైనా మూలంలో కాలం, లింగం, కర్త తరచూ చెప్పరు, అనువాదకుడు వాటిని తన తరఫున పూరిస్తాడు. అందువల్ల ఒక్కో పద్యానికి రెండు మూడు అనువాదాలు దగ్గర ఉంచుకుని, అవి విభేదించే చోట ఆగి చూడటం మంచిది.